బండెక్కిన మొదటి ఇల్లు

మొన్న పెరట్లో కూర్చుని గోంగూర తుంచుకుంటూ ఉంటే ఫోనులో ఒక పోస్టరు వచ్చింది. మా ఊళ్ళో ప్రతి వేసవిలోనూ జర్మన్ క్లబ్బు వాళ్ళు మూడు రోజుల పండుగ చేస్తారు. ఇత్తడి బాజాలు, బీరు పందిళ్ళు, కుచ్చుల గౌన్ల డాన్సులు, వీధుల వెంట ఊరేగింపు, పెద్ద హడావిడి. ఆ పండుగకి ఈ ఏటి పోస్టరు అది. తలలకి రుమాళ్ళు కట్టుకుని, తెల్లటి ఏప్రన్లు తొడుక్కుని, ఒక బండి మీద ఒక ముసలావిడ చుట్టూ నలుగురు ఆడపిల్లలు పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నారు. పైన పెద్ద అక్షరాలతో, మా వారసత్వం, మా గర్వం అని రాసి ఉంది. ఆ నలుగురూ మన తెలుగు పిల్లలే.

పోస్టరు వెనకాలే క్లబ్బు కొత్త సెక్రటరీ ఫోను కూడా చేసింది. ఈ ఏడు బండెక్కడానికి పిల్లలెవరూ దొరకడం లేదట, ఆ సంవత్సరం మీరు పంపిన అమ్మాయిలు ఎంత చక్కగా ఉన్నారో అని ఊరంతా ఇప్పటికీ అనుకుంటారట, అలాంటివాళ్ళని ఇంకో నలుగురిని చూసిపెట్టగలరా అని, వంటమనిషిని కుదిర్చిపెట్టమన్నంత తేలిగ్గా అడిగింది. తరువాత చేస్తానని పెట్టేశాను. పెట్టేశాక చూసుకుంటే గోంగూర ఆకులూ కాడలూ కలిపి పిసికేసి ఉన్నాను. నాకు కోపం ఎక్కువని మా ఆయన అంటూనే ఉంటారు, అననివ్వండి.

ఆ ఫొటో కింద సగం కత్తిరించేశారు. పిల్లల మోకాళ్ళ దాకానే ఉంది. కత్తిరించిన ముక్కలో ఏముండేదో నాకు తెలుసు. నా వయసువాళ్ళు, పచ్చడి సీసాలు పాత చీరల్లో చుట్టుకుని ఈ చలిదేశంలో దిగినవాళ్ళు, మీకైతే చెప్పుకోవచ్చు, మీకు అర్థమవుతుంది.

మా ఆయనకి సార్నియా వైపు కెమికల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చి మేము ఈ చిన్న ఊరు చేరిన మొదటి వేసవి మాట. కారు ఆయన తీసుకుపోయేవారు, బస్సుల సంగతి అడగవద్దు, పగలంతా గోడలు చూస్తూ కూర్చునేదాన్ని. ఒకరోజు కిటికీలోంచి బ్యాండు మేళం వినిపించింది. అచ్చం మన పెళ్ళి ఊరేగింపు బ్యాండులాగే ఉంది. ఇక్కడ పెళ్ళెవరిదబ్బా అనుకుంటూ, చెప్పులు వేసుకుని ఆ చప్పుడు వెంట నడుచుకుంటూ పోతే జర్మన్ క్లబ్బు మైదానం వచ్చింది. వంటశాల గుమ్మం దగ్గర తచ్చాడుతున్న నన్ను చూసి, లోపల బంగాళాదుంపల గుట్ట ముందు కూర్చున్న ఒకావిడ మారు మాట్లాడకుండా నా చేతికి కత్తి ఇచ్చింది. అదీ ఈ దేశంలో నా మొదటి ఉద్యోగం. జీతం లేదనుకోండి. ఆ తరువాత పాతికేళ్ళకు పైగా ప్రతి పండుగకీ ఆ వంటశాలలో దుంపలు చెక్కాను, క్యాబేజీ తరిగాను. మాంసం జోలికి నేను పోలేదు, ఎందుకని ఆవిడ ఒక్కసారి కూడా అడగలేదు.

అందరూ ఆవిడని ఓమా అనేవారు. జర్మన్లకి ఓమా అంటే అమ్మమ్మో నాయనమ్మో, మన మామ్మలాగా. పిల్లలు లేని మనిషికి ఊరంతా పెట్టిన వరస అది. మేము ఇల్లు కొనుక్కున్నప్పుడు ఆవిడ పక్కిల్లే దొరకడం మా అదృష్టం.

ఆ ఊరేగింపులో అన్నిటికన్నా ముందు నడిచే బండి ఓమా వాళ్ళ ఆయన చేసింది. ఆయన వడ్రంగి. బండి మీద ఒక చెక్క ఇల్లు, లోపల ఏముందో జనానికి కనిపించాలని ఒక పక్క గోడ లేకుండా కట్టాడు. ఒకదాని మీద ఒకటి మంచాలు, ఇనప పొయ్యి, ఒక ట్రంకు పెట్టె, బట్టలారేసే తాడు. దానికి మొదటి ఇల్లు అని పేరు. పెద్ద యుద్ధం అయ్యాక ఉన్న ఊళ్ళలోంచి తరిమేస్తే ఓడెక్కి వచ్చిన వాళ్ళు ఓమా వాళ్ళు. మూడు కుటుంబాలు కలిసి ఒకే ఇల్లు అద్దెకు తీసుకున్నారట, పద్నాలుగు మంది, ఒకటే స్నానాల గది, రాత్రి ఫ్యాక్టరీకి పోయేవాళ్ళ మంచాల మీద పగలు పనికి పోయేవాళ్ళు పడుకునేవారట. వీళ్ళ దగ్గర క్యాబేజీ కంపు అనీ, వీధిలోకి బట్టలారేస్తారనీ ఊళ్ళో వాళ్ళు ముక్కు మూసుకునేవారట. ఎదురింటి వాళ్ళు కిటికీలో కూర్చుని, లోపలికి ఎంతమంది పోయారు, బయటికి ఎంతమంది వచ్చారని తలలు లెక్కపెట్టేవారని చెబుతూ ఓమా క్యాబేజీ మీద కత్తి గట్టిగా దించేది. అన్నేళ్ళయినా ఆవిడకి ఆ కోపం చల్లారలేదు. అప్పట్లో నేను నవ్వేదాన్ని.

తరువాత తరువాత వచ్చింది మన విద్యార్థుల వరద. మీకు తెలియనిదేముంది. కొన్నేళ్ళ పాటు కాలేజీ నిండా మన పిల్లలే, బస్టాపులో మనవాళ్ళే, డోనట్ల కొట్లో కాఫీ ఇచ్చే పిల్ల పేరు చూస్తే మన పేరే, సరుకుల కొట్టులో పెట్టెలు సర్దేవాడు ఫోనులో వాళ్ళమ్మతో తెలుగులో గునుస్తూ ఉండేవాడు. నాకైతే ప్రాణం లేచి వచ్చింది. ముప్పై ఏళ్ళు ఈ ఊళ్ళో తెలుగు మాట కోసం మొహం వాచి ఉన్నదాన్ని. కానీ మన పెద్దమనుషుల ఇళ్ళలో తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్కులకి వెళితే వేరే పాట. వీళ్ళొచ్చి మన పేరు చెడగొడుతున్నారండీ, ఒక్కో బేస్‌మెంటులో పదేసి మంది, ఊరికే సరుకులిచ్చే ఫుడ్ బ్యాంకు లైన్లలో నిలబడుతున్నారు, మనం ఎంత పద్ధతిగా వచ్చాం. ఇలా అన్నవాళ్ళలో సగం మంది అమెరికాలో ఒకే అపార్టుమెంటులో ఆరుగురు పడుకుని, ఒకడి తువ్వాలుతో ఇంకొకడు తుడుచుకుని పైకొచ్చినవాళ్ళే. ఇడ్లీ నోట్లో పెట్టుకుని ఎలా అనగలిగేవారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఓమా వాళ్ళ ఆయన పోయి అప్పటికి కొంతకాలమైంది. మోకాళ్ళు పట్టేశాయి, రెండుసార్లు స్నానాల గదిలో పడిపోయింది. ఇక ఒంటరిగా ఉండటానికి వీల్లేదు, ఇంట్లో ఎవరైనా ఉండాలి, లేదంటే వృద్ధాశ్రమానికి పోవాల్సిందేనని డాక్టరు గట్టిగా చెప్పేశాడు. ఆ మాట విన్నప్పటినుంచి ఆవిడ సరిగా తినలేదు. మొగుడు తన చేత్తో కట్టిన ఇల్లు అది, అందులోంచి శవమై, కాళ్ళు ముందుకు పెట్టుకునే బయటికి పోతానని నాతో అంటుండేది. అదే సమయంలో గదులు దొరక్క కాలేజీ చుట్టూ తిరుగుతున్న నలుగురు ఆడపిల్లలు నాకు లైబ్రరీలో తగిలారు. ముగ్గురు తెలంగాణ, ఒక పిల్లది ఆదోని. నలుగురినీ వెంటబెట్టుకుని వెళ్ళి ఓమా ముందు నిలబెట్టాను. ఆవిడ వాళ్ళని ఎగాదిగా చూసి, మొట్టమొదట అడిగింది, దుంపలు చెక్కడం వచ్చా అని.

అలా ఇద్దరి కష్టమూ ఒకేసారి తీరింది. మేడ మీద గదులు పిల్లలవి, కింద ఓమా. వాళ్ళలో చిన్నది, జగిత్యాల పిల్ల, రోజూ పొద్దున ఆవిడ మోకాళ్ళకి నూనె రాసి క్లాసుకి పోయేది. ఆదోని పిల్ల ఆవిడ దుంప ఉండల మీద వెల్లుల్లి కారం చల్లితే, చెమటలు కక్కుతూ ఇంకొంచెం వెయ్యమనేది ఓమా. అన్నిటికన్నా ఆవిడకి నచ్చింది గుమ్మం. మన పిల్లలు కదా, చెప్పులు లోపలికి తెచ్చేవారు కారు. వరండాలో గోడ వారగా వరసగా విడిచేవారు, చలికాలం బూట్లతో సహా. ఒకరోజు ఓమా ఆ వరస చూసి చాలాసేపు నిలబడింది. వాళ్ళ మొదటి ఇంటి దగ్గరా అంతేనట. పొలంలో బురదయిన బూట్లు వాళ్ళమ్మ గడప దాటనిచ్చేది కాదట, పద్నాలుగు మంది బూట్లు మెట్ల మీద వరసగా ఉండేవట. మా ఆయన బండి మీద అన్నీ పెట్టాడు, అవొక్కటీ మరిచిపోయాడు అంది.

ఆ వేసవిలోనే క్లబ్బు అధ్యక్షుడు ఓమా ఇంటికొచ్చి, వాళ్ళ మనవలెవరూ బండెక్కనంటున్నారని తల పట్టుకున్నాడు. ఓమా మేడ వైపు చూపించి, నాకు నలుగురు ఉన్నారుగా అంది. ఆయన మొహంలో ఒక క్షణం ఏదో మెదిలింది కానీ, గత్యంతరం లేక సరేనన్నాడు. ఇక చూడండి, ఇంట్లో పెళ్ళి సందడే. నేను కుట్టుమిషను ముందు కూర్చున్నాను, రుమాళ్ళు, ఏప్రన్లు, అన్నీ మా ఇంట్లోనే తయారయ్యాయి.

పండుగకి రెండు వారాల ముందు వరలక్ష్మీ వ్రతం వచ్చింది. పిల్లలు ఓమాని అడిగి ఆవిడ హాల్లోనే పూజ చేసుకున్నారు. ఓమా తన పెళ్ళినాటి లేసు గుడ్డ తీసి అమ్మవారి పీట మీద పరిచింది. కాలేజీ స్నేహితురాళ్ళు వచ్చారు, నేను వెళ్ళాను, ఎదురింటావిడా వచ్చింది. ఎదురింటివాళ్ళు తెలుగువాళ్ళే, హైదరాబాదు, అక్కడినుంచి అమెరికా, అక్కడినుంచి సరిహద్దు దాటి ఇక్కడి మిల్టన్. మిల్టన్‌లో టౌన్‌హౌసు మంచి ధరకి అమ్మేసి, ఆ డబ్బుతో మా వీధిలో పెద్ద ఇల్లు కొనుక్కున్నారు. ఆయనది మార్కమ్ కంపెనీలో ఉద్యోగం, ఇంట్లోంచే పని. ఆవిడ పాపం నెమ్మదస్తురాలు. పిల్లలు ఆవిడ కాళ్ళకి పసుపు రాసి, శనగలూ తాంబూలమూ ఇచ్చి, ఆంటీ అంటూ చుట్టూ తిరిగారు.

వారం తిరిగిందో లేదో, మున్సిపాలిటీ మనిషి ఓమా తలుపు కొట్టాడు. ఆవిడ కంగారుపడి నాకు కబురు పెట్టింది. ఇంటినిండా మనుషుల్ని కుక్కి అద్దెకిస్తున్నారని ఫిర్యాదు వచ్చిందట. లోపలంతా చూసి ఉన్నది నలుగురేనని ఒప్పుకున్నాడు, మర్యాదస్తుడే. కానీ ఆ వీధిలో నలుగురికి గదులు అద్దెకివ్వాలన్నా లైసెన్సు ఉండాలి, మేడ మీదినుంచి రెండో మెట్లదారి కట్టాలి, లేదంటే నెలాఖరులోగా పిల్లలు ఖాళీ చేయాలి. చూడకపోతే చూడకపోయేవాడిని, ఫిర్యాదు వచ్చింది గనుక తప్పదన్నాడు. ఎంతమంది ఉన్నారని చెప్పారు అని అడిగితే, పద్దెనిమిది మంది అని, ఫిర్యాదుతో వచ్చిన ఫొటో తన ట్యాబ్లెట్ మీద చూపించాడు.

వ్రతం నాటి వరండా అది. గోడ వారగా చెప్పులు. ఎన్ని జతలుంటే అంతమంది లోపల ఉన్నారని ఎవరో లెక్క కట్టి పంపారు. ట్యాబ్లెట్ చేతిలోకి తీసుకుని చూశాను. ఆ వరస చివర నీలం పట్టీల చెప్పులు నావి. వాటి పక్కన బంగారు పూసల జత, మా ఎదురింటావిడది.

చెప్పండి, ఇక్కడ పుట్టిన ఏ తెల్లవాడికి తెలుస్తుంది గుమ్మం ముందు చెప్పులు లెక్కపెడితే లోపలి మనుషుల లెక్క వస్తుందని? వాళ్ళు బూట్లతోనే హాల్లో తిరిగే మనుషులు, వరండాలో చెప్పుల వరస చూస్తే చెత్త అనుకుంటారు, అంతే. అది మన ఇంట్లో పుట్టి పెరిగినవాడికే తెలియాలి. పూజ రోజున గుమ్మం ముందు అన్ని చెప్పులు ఎందుకుంటాయో కూడా వాడికి తెలియాలి. అరికాలి మంట నెత్తికెక్కింది. ఫొటో ఎదురింటి కిటికీ వైపునుంచి తీసిందే, అయినా ఆ ఇంటి ముందు రభస చేస్తే పిల్లలు భయపడతారని పళ్ళు బిగించుకున్నాను.

ముందు క్లబ్బు అధ్యక్షుడి దగ్గరికి పరుగెత్తాను. ఆయనకి కౌన్సిలర్లందరూ తెలుసు. ఒక్క మాట చెప్పండి, మెట్లదారి కట్టేదాకా గడువిప్పించండి, ఖర్చు మేమందరం తలా కొంత వేసుకుంటాం, ఆ పిల్లలు పోతే ఓమా ఆ ఇంట్లో ఉండలేదు అని బతిమాలాను. ఆయన తల పంకించి అంతా విన్నాడు. రూల్సంటే రూల్సే కదా, వీధి కళ కూడా చూసుకోవాలి కదా అన్నాడు. నేను మెట్లు దిగుతుంటే వెనకనుంచి పిలిచాడు. పోనీ మనసు మారిందేమోనని ఆశగా తిరిగి చూశాను.

"శనివారం పదింటికల్లా అమ్మాయిలు బండి దగ్గర ఉండాలి, మరిచిపోకండి."

ఆ మనిషి సొంత మామ్మ కూడా ఓమా వాళ్ళ మొదటి ఇంట్లోనే ఉండేదట, ఆవిడని కూడా ఆ పద్నాలుగు మందిలో ఒకతెగా లెక్కపెట్టి ఉంటారు ఎదురింటి కిటికీలోంచి. చీమ కుట్టినట్టయినా లేదు ఆయనకి.

పిల్లల్ని బండెక్కవద్దని నేను ఖండితంగా చెప్పాను. మనల్ని ఇంట్లో ఉండనివ్వనివాళ్ళకి మనం ఇల్లు ఆడి చూపించడమేమిటి అని కేకలేశాను. పిల్లలు తలలు దించుకున్నారు. అప్పుడు ఓమా కర్ర పట్టుకుని లేచింది. బండెక్కుతాం, నేనూ వాళ్ళతో ఎక్కుతాను, అయితే మా ఆయన మరిచిపోయింది ఈసారి మనం పెడదాం అంది. ఆ సాయంత్రం నా నీలం పట్టీల చెప్పులు కూడా అడిగి తీసుకుపోయారు.

శనివారం వీధికి రెండు వైపులా కుర్చీలు వేసుకుని జనం. ముందు బాజాలు, వెనకాల బండి. పొయ్యి దగ్గర జగిత్యాల పిల్ల గరిట తిప్పుతోంది, ఆదోని పిల్ల తాడు మీద బట్టలారేస్తోంది, మిగతా ఇద్దరూ మంచాల మీదినుంచి చేతులూపుతున్నారు, మధ్యలో ఓమా కుర్చీలో నిటారుగా కూర్చుంది. మైకులో ఒకాయన, ఒక చిన్న ఇంట్లో పద్నాలుగు మంది, ఒకటే పొయ్యి, అదీ మన పెద్దల పట్టుదల అని గొంతు చించుకుంటుంటే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. బండి ఇంటి గడప ముందు, ఈ చివరినుంచి ఆ చివరిదాకా, చెప్పులు. హవాయి చెప్పులు, కాలేజీ బూట్లు, కొల్హాపురి జతలు, నావి నీలం పట్టీలవి. స్నేహితురాళ్ళందరి దగ్గరా అడిగి తెచ్చి పద్దెనిమిది జతలూ పూర్తి చేశారు. చప్పట్లు కొట్టేవాళ్ళకి అవేమిటో తెలియదు. తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు, ఎదురింటాయన, నా పక్కనే నిలబడి ఫోనులో వీడియో తీస్తున్నాడు.

మొదట ఆయన చూసుకోలేదు. మన పిల్లలు ఎంత బావున్నారో చూశారా ఆంటీ అని మురిసిపోతున్నాడు. బండి దగ్గరికొచ్చాక ఆ చెయ్యి మెల్లగా కిందికి దిగింది. నేను గొంతు పెంచలేదు.

"మీరు లెక్కపెట్టిన వాటిలో మీ ఆవిడ చెప్పులు కూడా ఉన్నాయి బాబూ. ఆవిడ చేతా ఖాళీ చేయిస్తారా?"

ఆయన భార్య మా వెనకే ఉంది. ఆవిడకి ఆ క్షణం దాకా ఏమీ తెలియదు, మొహం చూస్తేనే తెలిసింది. మొగుడి వైపు ఒక్కసారి చూసి, ఇంటికి నడిచి వెళ్ళిపోయింది. ఆయన నసిగాడు. పిల్లల మీద కక్ష కాదు ఆంటీ, వీధిలో ఇలాంటి ఇల్లు ఒకటుంటే మన ఇళ్ళ ధరలు పడిపోతాయి, మోర్ట్‌గేజ్ ఎంత కడుతున్నానో మీకు తెలియదు అన్నాడు. పిల్లలు పసుపు రాసిన కాళ్ళ ఖరీదు ఎంత పడిందో మాత్రం చెప్పలేదు.

అంత చప్పట్లు కొట్టిన ఊళ్ళో ఒక్కరు కూడా ఆ నెలాఖరు గడువు ఆపలేదు. ఇద్దరు బ్రాంప్టన్‌లో ఏదో బేస్‌మెంటుకి పోయారు, ఆదోని పిల్ల చదువు మధ్యలో కాలేజీ మారింది, జగిత్యాల పిల్ల మా ఇంట్లో ఉండి చదువు పూర్తి చేసుకుంది. ఓమాని నేనూ ఉండమన్నాను. పక్కింట్లో కూర్చుని తన ఇంటిని చూస్తూ ఉండలేనంది. వృద్ధాశ్రమానికి తీసుకుపోయే కారు వచ్చినప్పుడు, బూట్లు విప్పి వరండాలో పెట్టి, వట్టి మేజోళ్ళతో కారెక్కింది. ఆ చలికాలం దాటలేదు.

ఇప్పుడు ఊరు చూడండి. వీసాలు తగ్గించారు, కాలేజీలో సగం గదులకి తాళాలు, ఉన్న ఆ కాస్త బస్సూ తగ్గిపోయింది, చింతపండు దొరికే కొట్టు మూతపడింది. ఏ కౌంటరు దగ్గరా తెలుగు వినిపించదు. పీడా పోయిందన్న పెద్దమనుషులే ఇప్పుడు బేస్‌మెంట్లకి అద్దెకుండేవాళ్ళు లేక ఉసూరుమంటున్నారు. ఎదురింటాయన కూడా నిరుడు బేస్‌మెంటు బాగుచేయించి, విద్యార్థులకి అద్దెకివ్వబడును అని బోర్డు పెట్టాడు. అది అలాగే ఎండకి వెలుస్తోంది. ఓమా ఇంట్లో ఇప్పుడు ఇద్దరే ఉంటారు, మంచివాళ్ళే, బూట్లతోనే లోపలికి పోతారు. వరండా తుడిచినట్టుంటుంది. పొద్దున్నే కాఫీ గ్లాసుతో ఇవతల నిలబడితే, ఒకప్పటి ఆ చెప్పుల వరస కళ్ళలో మెదిలి, ఎంత మూర్ఖులం, కాళ్ళకింది సందడిని మనమే ఊడ్చేసుకున్నాం కదా అనిపిస్తుంది.

పోస్టరు సంగతి జగిత్యాల పిల్లకి చెప్పాను. ఇప్పుడది విండ్సర్‌లో ఆసుపత్రిలో పనిచేస్తోంది. నాలాగా అరవలేదు. "ఓమా బండి గద పెద్దమ్మా, వస్తుంటిమి. కని ఆ ఊర్ల యాడ దిగాలె?" అంది.

నిన్న సెక్రటరీకి ఫోను చేశాను. పిల్లలు రారని చెప్పాను. అయ్యో, ఉండటానికి చోటు ఇబ్బందైతే చెప్పండి, ఇప్పుడు ఊళ్ళో గదులన్నీ ఖాళీయేగా అంది ఆవిడ, ఎంతో ఆప్యాయంగా. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆ పద్దెనిమిది జతల్లో ఎవరివి వాళ్ళు తీసుకుపోగా, చలికాలం బూట్లు రెండు జతలు, నా నీలం పట్టీలవి, వాటితో పాటు వరండాలో ఓమా విడిచిపోయినవి ఇంకా నా దగ్గరే ఉన్నాయి.

"మనుషుల్ని పంపలేను గానీ చెప్పులు పంపిస్తాను, గడప ముందు పెట్టుకోండి" అన్నాను.

ఏ చెప్పులని అడిగింది. ఆవిడకి చెప్పలేదు. మీకు చెప్పాను.